అప్‌శాంప్లింగ్: పెట్టెతో చేయించాలా, ల్యాప్‌టాప్‌తోనా?

ఈ సమీక్షలో రెండు సాధనాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి ఇంగ్లండ్‌కు చెందిన కోర్డ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 2018లో విడుదల చేసిన హ్యూగో ఎమ్ స్కేలర్ అనే పెట్టె. రెండవది ఉచితంగా దొరికే ఫూబార్2000 ప్లేయర్, దానికి జతచేసుకునే సాక్స్ రీశాంప్లర్. రెండూ చేసే పని ఒకటే. సీడీ ప్రమాణంలో సెకనుకు 44,100 శాంపిళ్ళతో (ధ్వని తరంగాన్ని కొలిచి రాసుకున్న అంకెలతో) ఉన్న పాటకు మధ్యమధ్య కొత్త శాంపిళ్ళను లెక్కగట్టి చేర్చి, ఆ ప్రవాహాన్ని డాక్‌కు, అంటే డిజిటల్ అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరానికి, అందిస్తాయి. పెట్టె విడుదలైనప్పుడు బ్రిటన్‌లో దాని ధర 3,495 పౌండ్లు, అంటే మన డబ్బులో మూడు లక్షలు దాటిన మాట. అది నాది కాదు. విశాఖపట్నంలో ఉండే మిత్రుడొకరు సెలవులకు ఒడిశాలోని మా బరంపురం వచ్చినప్పుడు వెంట తెచ్చి, తిరిగి వెళ్ళేదాకా మా ఇంట్లో ఉంచారు. ఇటువంటి వస్తువును కొనేముందు విని చూసుకునే వీలు మా వైపు అరుదు. బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా ఎక్కడో ఎవరో రాసిన పొగడ్తను నమ్మి డబ్బు పంపవలసిందే. ఈ సమీక్ష రాయడానికి ముఖ్యకారణం అదే.

అప్‌శాంప్లింగ్ వల్ల పాటలో లేని వివరం పుట్టుకొస్తుందనే మాటను ముందుగా పక్కన పెట్టాలి. సీడీలో శాంపిళ్ళ రేటులో సగమైన 22.05 కిలోహెర్ట్జ్‌కు పైన ఏమీ ఉండదు, ఎన్ని శాంపిళ్ళు చేర్చినా అక్కడికి కొత్తగా ఏమీ రాదు. అసలు అవసరం వేరే ఉంది. శాంపిళ్ళను ఉన్నవి ఉన్నట్టుగా మెట్లుమెట్లుగా విద్యుత్తుగా మారిస్తే, అసలు ధ్వనికి అద్దంలో ప్రతిబింబాల వంటి నకళ్ళు 22.05కు పైన తయారవుతాయి. పైగా 20 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వని మూడు డెసిబెల్‌లకు పైగా తగ్గిపోతుంది. ఆ నకళ్ళను వడగట్టడానికి 20కి, 22.05కి నడుమ ఉన్న ఇరుకు సందులోనే నిట్టనిలువుగా దిగే వడపోత కావాలి. అటువంటిదాన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లతో కట్టడం కష్టం, ఖర్చు. 1980ల తొలినాళ్ళలోనే ఫిలిప్స్ ఇంజనీర్లు తమ మొదటి సీడీ ప్లేయర్లలో 14 బిట్ల కన్వర్టర్‌కు ముందు నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్ (ఇదే పనికి మరో పేరు) పెట్టి, శాంపిళ్ళ రేటును 176.4 కిలోహెర్ట్జ్‌కు తీసుకెళ్ళి, ఈ భారాన్ని లెక్కల మీదికి మళ్ళించారు. కనుక నేడు లక్షలు పలుకుతున్న ఈ ఆలోచన కొత్తదేమీ కాదు.

నేటి డాక్ చిప్పులలో చాలావాటికి ఎనిమిది రెట్ల ఓవర్‌శాంప్లింగ్ లోపలే ఉంటుంది. అంటే హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా అన్న చర్చ మొదలయ్యే సరికే ఇంట్లో ఉన్న ఐదువేల రూపాయల డాక్ ఆ పనిని ఒకసారి చేస్తూనే ఉంది. అయితే చిప్పులో చోటు, విద్యుత్తు పరిమితం కాబట్టి తయారీదారులు తరచుగా హాఫ్‌బ్యాండ్ అనే పొదుపైన వడపోతను వాడతారు. అది 22.05 దగ్గర ధ్వనిని ఆరు డెసిబెల్‌లు మాత్రమే తగ్గించి, సుమారు 24 కిలోహెర్ట్జ్ దాటాకగానీ పూర్తిగా మూసుకోదు. ఈ చిన్న లొసుగును పూడ్చడమే బయటి అప్‌శాంప్లర్ నిజంగా చేయగల సాయం. మనం ముందుగానే 176.4కు మార్చి పంపితే చిప్పు లోపలి వడపోత మాయమైపోదు. కానీ అది అడ్డుకోవలసిన మొదటి నకలు 156 కిలోహెర్ట్జ్ దాకా దూరం జరుగుతుంది కాబట్టి దాని పని తేలికవుతుంది.

ఇక పెట్టె గొప్పదనమంతా ట్యాపులలో ఉందని ప్రచారం. కొత్త శాంపిల్‌ను కట్టడానికి చుట్టుపక్కల శాంపిళ్ళను వేర్వేరు గుణకాలతో హెచ్చించి కూడుతారు. ఆ గుణకాల సంఖ్యే ట్యాపుల సంఖ్య. ఎమ్ స్కేలర్‌లో అవి 10,15,808. ఈ లెక్కను చేయడానికి అందులో ఎఫ్‌పీజీఏ అనే, తయారీదారు తన అవసరానికి తగ్గట్టు అమర్చుకోగల చిప్ ఉంది. గణితపరంగా ఇది అబద్ధం కాదు, ట్యాపులు పెరిగేకొద్దీ వడపోత ఆదర్శానికి దగ్గరవుతుంది. కానీ సాక్స్‌లోని అత్యున్నత నాణ్యత అమరిక 22.05లో 95 శాతం వరకు, అంటే దాదాపు 20.9 కిలోహెర్ట్జ్ దాకా ధ్వనిని ముట్టుకోకుండా వదిలి, ఆపవలసినదాన్ని 175 డెసిబెల్‌ల మేర అణచివేస్తుంది. 16 బిట్ల సీడీ మొత్తం పరిధి 96 డెసిబెల్‌లు. ఆ పైన సాధించేదంతా కాగితం మీద మెరుగుదల అని నా అభిప్రాయం.

వినికిడి పరీక్షను వీలైనంత న్యాయంగా ఏర్పాటు చేసుకున్నాము. పెట్టెను కోర్డ్ సంస్థ డాక్‌తో కలిపితే 705.6 కిలోహెర్ట్జ్ దాకా వెళుతుంది. మా ఇంటి డాక్ వేరే సంస్థది కాబట్టి ఆప్టికల్ తీగ మీద 176.4కే పరిమితమయ్యాము. సాక్స్‌ను కూడా అక్కడికే అమర్చి, టెస్ట్ టోన్‌తో శబ్దస్థాయిలను సమం చేశాము. ఈ సమం చేయడం చాదస్తం కాదు. అర డెసిబెల్ ఎక్కువ ఉన్నది తరచుగా మేలుగా వినిపిస్తుంది. ఏది మోగుతున్నదో మాకు తెలియకుండా మా మేనల్లుడు మారుస్తూ వచ్చాడు. హెడ్‌ఫోన్‌లతోనే విన్నాము, ఎందుకంటే వేసవిలో సీలింగ్ ఫ్యాను కింద స్పీకర్లతో ఇటువంటి తేడాలు వెతకడం వృథా.

78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి తీసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, ఘంటసాల పాత సినిమా పాటల సీడీలు, ఒక కొత్త కర్ణాటక సంగీత రికార్డింగు: వీటిలో పెట్టెకూ సాక్స్‌కూ మధ్య తేడాను నేనుగానీ, పెట్టె యజమానిగానీ నిలకడగా పట్టుకోలేకపోయాము. పాత రికార్డులలో 20 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ధ్వనే లేదు కాబట్టి అది ఊహించినదే. 128 కేబీపీఎస్ ఎమ్‌పీ3ల సంగతి చెప్పనవసరం లేదు, వాటిలో చాలావరకు 16 కిలోహెర్ట్జ్ దగ్గరే కోసేసి ఉంటారు.

తేడా వినిపించినది ఈ మధ్యకాలపు సినిమా పాటలలో, అదీ మేము అనుకోని చోట. ఈ పాటలను గట్టిగా వినిపించాలనే పోటీలో మాస్టరింగ్ (విడుదలకు ముందు పాటకు చేసే తుది మెరుగులు) చేసేవారు శాంపిళ్ళను డిజిటల్ పరిమితి అంచు దాకా నెట్టివేస్తారు. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, రెండు శాంపిళ్ళ నడుమ తరంగం ఆ రెండింటికంటే ఎత్తుకు లేవవచ్చు. 11.025 కిలోహెర్ట్జ్ వద్ద సాధారణ సైన్ తరంగంలో సైతం శాంపిళ్ళు శిఖరానికి ఇరువైపులా సమదూరంలో పడితే అసలు శిఖరం వాటికంటే మూడు డెసిబెల్‌లు ఎత్తులో ఉంటుంది. అప్‌శాంప్లింగ్ అంటేనే ఆ నడిమి విలువలను కనుక్కోవడం కనుక, పరిమితి దాటిన శిఖరం అక్కడ చోటు లేక తెగిపోతుంది. తాళాల శబ్దంలో, కోరస్‌లో ఒక గరుకుదనంగా అది చెవికి తగులుతుంది. ఫూబార్2000 లెక్కలన్నీ ఫ్లోటింగ్ పాయింట్‌లో, అంటే పరిమితి దాటిన విలువలనూ తెగకుండా పట్టుకునే అంకెలలో, సాగుతాయి. ప్లేయర్‌లో శబ్దస్థాయిని సవరించే రీప్లే గెయిన్‌తో నాలుగు డెసిబెల్‌లు ముందే తగ్గిస్తే ఆ గరుకు పోయింది. పోయిందనడమే కాదు, పరీక్షలో మేమిద్దరమూ తడబడకుండా గుర్తించిన తేడా ఇదొక్కటే.

అయితే దీన్ని సాఫ్ట్‌వేర్ అప్‌శాంప్లింగ్ విజయంగా రాసుకోవడం సరికాదు. సాక్స్‌ను పూర్తిగా తీసివేసి, ఆ నాలుగు డెసిబెల్‌ల తగ్గింపును మాత్రం ఉంచి, డాక్ తన సొంత వడపోతతో వాయిస్తే కూడా గరుకు రాలేదు. పెట్టెకు పంపేముందు ప్లేయర్‌లో తగ్గిస్తే దానితోనూ రాలేదు. మేలు చేసింది అప్‌శాంప్లింగ్ కాదు, దానికి ముందు వదిలిన ఖాళీ. కొందరు తయారీదారులు ఈ ఖాళీని డాక్‌లోనే ఏర్పాటు చేస్తారు. బెంచ్‌మార్క్ సంస్థ తన డాక్2, డాక్3 నమూనాలలో 3.5 డెసిబెల్‌లు వదిలింది. కొనేవారు ట్యాపుల సంఖ్య కంటే ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది.

పెట్టె నిస్సందేహంగా గెలిచిన సందర్భం కూడా ఒకటుంది. మా ఇల్లు పాతది, ఎర్తింగ్ అంతంత మాత్రం. ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌ను యూఎస్‌బీతో నేరుగా డాక్‌కు కలిపితే పాట ఆగినప్పుడు సన్నని గుయ్యిమనే శబ్దం వినబడుతుంది. పెట్టె నడుమ ఉండగా అది లేదు. మిత్రుడు దీన్ని పది లక్షల ట్యాపుల మహిమగానే చాలాకాలం భావించారు. నిజానికి పెట్టె యూఎస్‌బీ ప్రవేశం విద్యుత్‌పరంగా వేరుచేయబడి ఉంది, ఆపైన ఆప్టికల్ తీగలో రాగి లేదు. ఛార్జర్ పీకి బ్యాటరీతో నడిపితే సాక్స్ దారిలోనూ నిశ్శబ్దమే వచ్చింది. మా జిల్లాలలో చాలా ఇళ్ళలో పరిస్థితి ఇదే కాబట్టి, పెట్టె పెట్టగానే నేపథ్యం నల్లగా (పూర్తి నిశ్శబ్దంగా) మారిందని ఎవరైనా చెబితే ముందు ప్లగ్గు వైపు చూడండి.

వాడుక సౌలభ్యంలో పెట్టెదే పైచేయి. సీడీ ప్లేయర్‌నూ సెట్‌టాప్ బాక్స్‌నూ కూడా దానికి కలపవచ్చు, విండోస్ మిక్సర్ ఎక్కడ పాటను తనకు నచ్చిన రేటుకు మార్చేస్తుందో అన్న బెంగ లేదు. ఫూబార్‌లో ఆ మిక్సర్‌ను తప్పించే వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఎంచుకోకపోతే మనం శ్రద్ధగా చేసిన 176.4 మళ్ళీ 48కి దిగిపోయే ప్రమాదం ఉంది. సినిమా చూసేటప్పుడు మాత్రం పెట్టెలోని పొడవైన వడపోత వల్ల మాట అర సెకనుకు పైగా వెనకబడుతుంది. అందుకోసం అందులో వీడియో మోడ్ పెట్టారు, దాన్ని వాడటం తప్పనిసరి. పది లక్షల ట్యాపుల వడపోతే కావాలనుకునేవారికి ఫిన్లాండ్‌లో తయారయ్యే హెచ్‌క్యూప్లేయర్ ఉంది. అది డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేర్, దాని పెద్ద వడపోతలకు బలమైన కంప్యూటర్ కావాలి.

ఇప్పటికే కోర్డ్ డాక్ ఉండి, కంప్యూటర్‌తో కుస్తీ ఇష్టం లేనివారికి ఎమ్ స్కేలర్ అర్థవంతమైన వస్తువే. మిగిలినవారు సాక్స్‌ను వాడి చూడవచ్చు, ఖర్చు లేదు. 44.1 పాటలను 176.4కు, 48వాటిని 192కు అమర్చి, సాక్స్‌లోని ఫేజ్ అమరికను (అన్ని పౌనఃపున్యాలూ సమానంగా ఆలస్యమయ్యే) 50 వద్దే ఉంచి, రీప్లే గెయిన్‌లో తగ్గింపు మరచిపోకుండా చూసుకోవాలి. ల్యాప్‌టాప్ గుయ్యిమంటుంటే యూఎస్‌బీని ఆప్టికల్‌గా మార్చే చిన్న పరికరం కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. మా ఇంట్లో ప్రస్తుతం ఉన్నది అదే. గోపాలపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్ళవారు దాని సాకెట్లకు మూతలు కూడా కొనుక్కుంటే మంచిది.