విరిగిన ఎముకకు పాయానా, రాగి సంగటా?

అనంతపురంలో మా అవ్వ మణికట్టు విరిగి, కట్టు వేయించుకుని వచ్చిన రోజే ఇంట్లో వాదన మొదలైంది. మామ పొట్టేలు కాళ్లు తెచ్చి పాయా పెట్టమన్నాడు. అవ్వేమో సంగటి చాలంది.

పాయా వేడిగా గొంతు దిగుతుంది, ఆకలి పుట్టిస్తుంది. కానీ ఎముకల్లోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. బీపీ ఉంటే ఉప్పు చూసుకోవాలి.

రాగుల సంగతి వేరు. 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే రాగుల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు అందులో కొంత ఒంటికి పట్టనివ్వవు. మొలకెత్తించి పిండి పట్టించినా, పులియబెట్టి అంబలి కాచినా ఆ అడ్డు తగ్గుతుంది. మాంసకృత్తులు మాత్రం 7 గ్రాములే. ఎముక అతుక్కోవడానికి అవి చాలవు. అందుకే పక్కన చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), ఉడికిన గుడ్డు, గిన్నెడు పెరుగు ఉండాల్సిందే.

నేనైతే సంగటి వైపే. పాయా ఆదివారం పెడదాం, అవ్వ నోటికి రుచిగా ఉంటుంది. ఇంకో మాట: వాకిట్లో కాసేపు ఎండ తగలనివ్వండి, కాల్షియం ఒంటపట్టాలంటే డి విటమిన్ కావాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే ఈ తిండి మొదలుపెట్టాలి.