జోకర్ ముఖం ఎవరికి కుదిరింది? రెండు బొమ్మలతో కొన్నేళ్లు గడిపాక

సినిమా పాత్రల బొమ్మలు సేకరించేవాళ్ల మధ్య ఎంతకీ తెగని వాదం ఒకటుంది. 2008లో వచ్చిన బ్యాట్‌మన్ చిత్రం ‘ద డార్క్ నైట్’లో హీత్ లెడ్జర్ పోషించిన విలన్ జోకర్‌ను ఏ బొమ్మలో అచ్చుగుద్దినట్టు దించారు? ఒకరు ముక్కు వెడల్పయిందంటారు, మరొకరు దవడ కోసుగా లేదంటారు, ఇంకొకరు అసలు ఆ చూపే పడలేదంటారు. నా దగ్గర ఆ పాత్రవే ఆరో వంతు కొలతలో చేసిన బొమ్మలు రెండున్నాయి. పాతదానికి జుట్టు కూడా తలతోపాటే ప్లాస్టిక్‌లో మలిచారు, కళ్లు రంగుతో వేశారు. కొత్తదానికి ఉన్నితో జుట్టు నాటారు, కనుగుడ్లు కదులుతాయి. రెండూ వేర్వేరు తయారీదారులవి. కంపెనీల పేర్లు రాయడం లేదు. నాకు ముఖ్యం బ్రాండు కాదు, పోలిక. ఏళ్లుగా విశాఖలో మా ఇంటి గాజు బీరువాలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పొద్దుటి వెలుతురులో, ట్యూబులైటు కింద, కరెంటు పోయినప్పుడు ఫోను వెలుగులో చూశాను. పెట్టె తెరిచిన రోజున నాకున్న అభిప్రాయం వేరు, ఈరోజు చెప్పబోయేది వేరు.

ముందు కొలతల సంగతి. లెడ్జర్ ఎత్తు సుమారు 185 సెంటీమీటర్లు. అందులో ఆరో వంతు అంటే 31 సెంటీమీటర్ల లోపు. తల దాదాపు 4 సెంటీమీటర్లు ఉంటుంది. కంటి నల్లగుడ్డు 2 మిల్లీమీటర్లు. ఈ కొలతలో అర మిల్లీమీటరు తేడా వస్తే, అసలు ముఖంలో 3 మిల్లీమీటర్లు జరిగినట్టు లెక్క. కనుబొమ 3 మిల్లీమీటర్లు పైకి జరిగితే కోపంగా ఉన్న మనిషి ఆశ్చర్యపోతున్నవాడిలా కనిపిస్తాడు. అందుకే చిన్న తేడాల మీద అంత పెద్ద గొడవలు జరుగుతాయి. బయటివాళ్లకు అది అతిగా తోచవచ్చు. ముఖం విషయంలో మాత్రం ఆ పట్టింపు న్యాయమైనదే.

ఈ పాత్రకు ఒక ప్రత్యేకమైన కష్టం కూడా ఉంది. ఈ రోజుల్లో పెద్ద చిత్రాలకు నటీనటుల తలను త్రీడీ స్కాన్ తీసి, ఆ ఫైలును బొమ్మల కంపెనీకి ఇవ్వడం మామూలైపోయింది. లెడ్జర్ 2008 జనవరి 22న చనిపోయారు. చిత్రం విడుదలైంది ఆ జూలైలో. ఆ తర్వాత ఈ బొమ్మలు చేసిన ఏ కళాకారుడికీ ఆయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే అవకాశం లేదు. సినిమాలోని దృశ్యాలు, నిశ్చల చిత్రాలే ఆధారం. దీన్ని లోటని చాలామంది అనుకుంటారు, నేను అనుకోను. స్కాన్‌లో దొరికేది నటుడు ఊరకే కూర్చున్న ముఖం. జోకర్ ముఖం అది కాదు. దించిన తల, కిందినుంచి పైకి చూసే కళ్లు, పెదవుల చుట్టూ నిరంతరం ఏదో కదలిక. నోటి పక్కల అతికించిన గాయపు మచ్చలు ఊడకుండా ఉండేందుకే లెడ్జర్ పెదవులు తడుపుకుంటూ ఉండేవారని, అదే పాత్రకు అలవాటుగా మారిందని అంటారు. ఆ కదలికను ఆపి ఒకే ఒక్క క్షణాన్ని ఎంచుకోవాలి. ఏ యంత్రమూ ఆ పని చేసిపెట్టదు.

ఆపైన మేకప్. ఆ చిత్రానికి మేకప్ జాన్ కాగ్లియోన్ జూనియర్ చేశారు, మచ్చలకు వాడిన సిలికాన్ అతుకులు కానర్ ఓసలివన్ పని. తెల్ల రంగు పూసేటప్పుడు లెడ్జర్‌ను నుదురు ముడవమన్నారు. ముడత విప్పగానే రంగు అంటని గీతలు బయటపడ్డాయి. పగిలినట్టు కనిపించే ఆ నుదురు అలా వచ్చింది. అది కూడా సినిమా అంతా ఒకేలా ఉండదు. నేరగాళ్ల ముఠా సమావేశంలోకి వచ్చినప్పుడు రంగు బాగానే నిలిచి ఉంటుంది. పోలీసు విచారణ గదిలో చెమటకు చెదిరి, కింది చర్మం తొంగిచూస్తూ ఉంటుంది. కాబట్టి ‘ఇది సినిమాలో ఉన్నట్టు లేదు’ అనేవాళ్లను నేను మొదట అడిగేది, ఏ సన్నివేశంలో ఉన్నట్టు లేదు అని. చాలా వాదాలు అక్కడే సద్దుమణగాలి. ఒకరు ముఠా సమావేశాన్ని, మరొకరు విచారణ గదిని మనసులో పెట్టుకుని ఒకే బొమ్మ మీద కొట్లాడుకుంటున్నారు.

నా పాత బొమ్మ మొదటి దశకు చెందింది. పెదవులు మూసి ఉన్నాయి, తల కాస్త వంచి ఉంది, తెలుపు నిండుగా ఉంది. కొత్తది విచారణ గదిలోది. చర్మ రంధ్రాలు, పెదవి అంచున ఎండిన ఎరుపు, కంటి చుట్టూ కరిగి జారిన నలుపు, అన్నీ ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూస్తే కొత్తదాని ముందు పాతది నిలవదు. మచ్చలు రెండు వైపులా ఒకేలా ఉండవన్న సంగతిని కూడా కొత్తదాంట్లో శ్రద్ధగా పట్టించుకున్నారు. పాతదాంట్లో ఆ తేడా ఉన్నా మెత్తబడింది. అచ్చులో పోసిన వినైల్ ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది, సన్నని గీతలు మొద్దుబారతాయి. ప్రచార ఫొటోల్లో చూపేది చేత్తో రంగులద్దిన నమూనా, మన ఇంటికి వచ్చేది ఫ్యాక్టరీ ప్రతి. నమూనా ఫొటో చూసి పోలిక తేల్చేయడం తొందరపాటు.

అయితే గదికి ఆ చివర నిలబడి చూస్తే ఫలితం తారుమారవుతుంది. పాతది ఠక్కున జోకర్‌లా కనిపిస్తుంది. కొత్తది ఎవరో తెల్లగా పూసుకున్న యువకుడిలా ఉంటుంది. దీనికి కారణం తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. బొమ్మను ఆరో వంతుకు కుదించవచ్చు, వెలుతురును కుదించలేం. మన ఇంట్లో నాలుగు అడుగుల ట్యూబులైటు ఆ బొమ్మ దృష్టిలో ఇరవై నాలుగు అడుగుల దీపం. అంత పెద్ద దీపం నుంచి వచ్చే వెలుగు కంటిగుంటల్లోకి, చెంపల కిందికి చుట్టుకుని దూరుతుంది. నీడలు పలచబడతాయి, ముఖం చదునుగా కనిపిస్తుంది. ఆ చిత్రంలో జోకర్ ముఖానికి ప్రాణం పోసింది ఆ నీడలే. కొలతలకు ఖచ్చితంగా కట్టుబడిన ముఖం గదిలో పోలిక కోల్పోయేది ఇందువల్లే. పాత బొమ్మ కళాకారుడు కంటిగుంటలను అసలుకన్నా ఒక పిసరు లోతుగా మలిచాడు, బుగ్గల కింద నీడను రంగుతోనే వేశాడు. దగ్గరగా పెట్టి కొలిస్తే తప్పే. ఆ అతిశయమే మామూలు వెలుతురులో నిజమైన పోలికను నిలబెట్టింది. ఖచ్చితత్వం గురించి వాదించేవాళ్లు ఈ ఒక్క సంగతిని లెక్కలోకి తీసుకోవాలని నా గట్టి కోరిక.

కొత్తదాని పక్కన చిన్న ఎల్ఈడీ దీపం ఒకటి, పైనుంచి కాస్త పక్కకు వెలుగు పడేలా అమర్చాను. అంతే, లెడ్జర్ ప్రత్యక్షమయ్యాడు. ఈ బొమ్మ కొనేవాళ్లు దీపానికి కూడా డబ్బు పక్కన పెట్టుకోండి.

ఫొటోల విషయమూ ఇలాంటిదే. ఫోనును బొమ్మ ముఖానికి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ఫొటో తీస్తే, అసలు మనిషి ముఖం ముందు 60 సెంటీమీటర్లలో కెమెరా పెట్టినట్టు. ముక్కు ముందుకు ఉబ్బుతుంది, చెవులు వెనక్కు పోతాయి. తర్వాత ఆ ఫొటో చూపించి ముక్కు పెద్దదని తీర్పు చెబుతారు. 40, 50 సెంటీమీటర్లు వెనక్కు జరిగి జూమ్ చేసి తీయండి. అది రెండున్నర, మూడు మీటర్ల నుంచి మనిషిని చూసినట్టవుతుంది. ముక్కు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు ఇదే.

కళ్లు కదిలే ఏర్పాటు గురించి. హాట్ టాయ్స్ అనే హాంకాంగ్ సంస్థ తన డీఎక్స్ అనే బొమ్మల వరుసను ఈ జోకర్‌తోనే మొదలుపెట్టి, తల వెనుకనుంచి రెండు కనుగుడ్లనూ కలిపి తిప్పే పద్ధతి తెచ్చింది. తర్వాత ఇతరులూ అటువంటివి చేశారు. నా కొత్త బొమ్మకు ఉన్న ఆ సౌకర్యం నిజంగా విలువైనది. తల దించి, కళ్లు పైకి తిప్పితే పాత్ర సగం వచ్చేసినట్టే. కాకపోతే చూపు వెంట్రుకవాసి తప్పినా మెల్లకన్ను వచ్చినట్టుంటుంది. ఒకసారి కుదిరాక నేను మళ్లీ ముట్టుకోను.

నాటిన జుట్టు మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. మొదటి ఏడాది అది అద్భుతం. జిడ్డుగా, చిక్కుపడి, ఆకుపచ్చ మరక తేలుతూ అచ్చం తెరమీద చూసినట్టే ఉండేది. తర్వాత సముద్రపు గాలికి పొంగడం మొదలైంది. వానకాలంలో కొబ్బరి పీచులా లేస్తుంది. నీళ్లు చిలకరించి, వేళ్లతో అదిమి, చిన్న క్లిప్పులు పెట్టి దారికి తేవాలి. ప్రతి సీజన్‌కూ ఈ సేవ తప్పదు. మలిచిన జుట్టుకు ఆ బాధ లేదు, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. హైదరాబాద్ వంటి పొడి ఊళ్లలో ఉండేవాళ్లు నాటిన జుట్టు ధైర్యంగా తీసుకోవచ్చు.

దుస్తుల్లో రెండూ బాగున్నాయి. ఊదా కోటు, ఆకుపచ్చ వెస్టు, షట్కోణాల గళ్ల చొక్కా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే దుస్తులు మనల్ని మోసం చేస్తాయి కూడా. 2017లో బ్యాంకాక్‌లోని మేడమ్ టుస్సాడ్స్‌లో ప్రభాస్ బాహుబలి మైనపు బొమ్మ పెట్టినప్పుడు మనవాళ్లంతా మురిసిపోయారు. 2023లో మైసూరులో మరో బాహుబలి బొమ్మ ఫొటోలు బయటికి వస్తే అభిమానులు మండిపడ్డారు, అనుమతి లేకుండా చేశారని నిర్మాత శోభు యార్లగడ్డ బహిరంగంగానే చెప్పారు. కవచం చూసి బాహుబలి అని తెలిసింది, ముఖం చూసి ప్రభాస్ అని తెలియలేదు. అప్పటినుంచి నేను ఒక పరీక్ష పాటిస్తున్నాను. మెడ కిందిదంతా చేత్తో కప్పి, ముఖాన్ని మాత్రమే చూడాలి. నా రెండు జోకర్లూ ఆ పరీక్షలో నెగ్గాయి. పాతది కాస్త సులువుగా నెగ్గింది.

ముఖమే లేని పాత్రకు ఖచ్చితత్వం మరోలా ఉంటుంది. ఇదే బీరువాలో డార్త్ వేడర్ కూడా ఉన్నాడు, 1977 నాటి మొదటి ‘స్టార్ వార్స్’ రూపం. ఆ ముసుగును శిల్పి బ్రయాన్ మ్యూర్ మట్టితో చేత్తో మలిచారు, అందుకే కుడి ఎడమలు పూర్తిగా సమానంగా ఉండవు. 2005 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రానికి వచ్చేసరికి ముసుగు రెండు వైపులా సమానంగా తయారైంది. చూడటానికి సమానంగా ఉన్నదే శుభ్రంగా ఉంటుంది. కాని 1977 వేడర్ కావాలంటే ఆ వంకరలు ఉండి తీరాలి, కంటి అద్దాల్లో ఎర్రటి ఛాయ ఉండాలి, ముసుగు మీద నలుపూ బూడిద రంగూ విడివిడిగా తెలియాలి. నా బొమ్మలో ఇవన్నీ ఉన్నాయి. కొన్నవాళ్లలో కొందరు వంకరను తయారీ లోపమనుకుని తిప్పి పంపారని విని చాలా బాధపడ్డాను.

ఇక మన్నిక. రెక్సిన్‌తో చేసిన దుస్తులన్నిటికీ తేమ శత్రువు, ఎవరు చేసినా సరే. దాని మీది పాలీయురెథేన్ పూత తేమకు మెల్లగా విచ్ఛిన్నమై పొరలు పొరలుగా రాలుతుంది. నా వేడర్ మోచేతుల దగ్గర అది మొదలైంది. జోకర్లవి గుడ్డ దుస్తులు కావడంతో బతికిపోయాయి. అయినా పాత బొమ్మ కాలర్ కింద మెడ మీద ఊదా రంగు అంటుకుంది. ఇప్పుడు కాలర్ లోపల పలచని పారదర్శక కాగితం పెడుతున్నాను. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఎప్పటికప్పుడు మార్చాలి, కిటికీ ఎండ తగలనివ్వకూడదు, మోకాళ్లు పూర్తిగా మడిచిన భంగిమలో నెలల తరబడి ఉంచకూడదు.

ధర గురించి రెండు మాటలు. ఈ తరగతి బొమ్మలు కొత్తవి 250 నుంచి 400 డాలర్ల మధ్య దొరుకుతాయి. మనకు అసలు భారం దిగుమతి సుంకం. బొమ్మల మీద 20 శాతం ఉన్నదాన్ని 2020 బడ్జెట్‌లో 60 చేశారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. ఆ నిబంధన 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునేవాటికే, ఇవి పెద్దల సేకరణ వస్తువులు. పార్శిల్ ఆగిపోతే ఆ తేడాను పెట్టె మీది వయసు సూచనతో సహా రాతపూర్వకంగా వివరించాలి.

ఎవరికి ఏది? దీపాలు అమర్చుకుని, దగ్గరగా కూర్చుని చూసేవాళ్లకు, ఫొటోలు తీసేవాళ్లకు నాటిన జుట్టున్న కొత్తది. హాలులో బీరువాలో పెట్టి, వచ్చేపోయేటప్పుడు చూసుకునేవాళ్లకు పాతది, అది సెకండ్ హ్యాండ్‌లో దొరికినా సరే. కొనేముందు మెడ మీద రంగు మరకల ఫొటో అడగండి. ఒకటే ఉంచుకోమంటే నేను పాతదాన్ని ఉంచుకుంటాను. ఇకముందు ఎవరైనా ఈ పాత్రను మళ్లీ చేస్తే ఒకే పెట్టెలో రెండు తలలు ఇవ్వాలి, ఒకటి ముఠా సమావేశం నాటి మేకప్‌తో, రెండోది విచారణ గది నాటి మేకప్‌తో.