క్యూబా ట్రిప్పు: పర్మిషన్ లెటర్ అని 525 డాలర్లు గుంజారు, అసలు ఆ లెటరే అక్కర్లేదు

హవానా సంగతి తర్వాత, ముందు ఈ లెటర్ సంగతి రాయకపోతే నాకు కడుపుమంట తగ్గదు. అమెరికాలో ఉంటూ క్యూబా వెళ్లాలంటే ఓఫాక్ పర్మిషన్ కావాలి (ఓఫాక్ అంటే ట్రెజరీ డిపార్ట్‌మెంట్‌లో ఆంక్షలు చూసే ఆఫీసు), అదంతా మేమే తీసిపెడతాం అంటూ వాట్సాప్ గ్రూపులో మన తెలుగాయనే ఒకాయన తగిలారు. మనిషికి 175, ముగ్గురికి (నేను, మా ఆయన, మా మరిది) 525. నేను డ్యూటీలో ఉండగా మా ఆయన ఆ 525తో పాటు నాలుగు రాత్రులకి రెండు హోటల్ రూములకి 1,120 కూడా పంపేశారు. కొన్నాళ్లకి మెయిల్లో రెండు పేజీల పీడీఎఫ్ వచ్చింది. కింద ఒక రౌండ్ స్టాంపు, అది ఎవరి స్టాంపో దేవుడికే తెలియాలి, పైగా మా ఇంటిపేరు తప్పు.

అప్పుడు కూర్చుని ఓఫాక్ సైట్లో ప్రశ్నలు జవాబులు మొత్తం చదివాను. టూరిజం కోసం క్యూబా వెళ్లడం నిషేధమే, 2000లో అమెరికా కాంగ్రెస్ చట్టంలోనే పెట్టేసింది కాబట్టి ఒబామా కూడా దాన్ని తీయలేకపోయారు. కానీ 12 రకాల కారణాలకి జనరల్ లైసెన్స్ ఉంది: చుట్టాల్ని చూడ్డం, జర్నలిజం, చదువు, మతపరమైన పనులు, ఇలా. జనరల్ లైసెన్స్ అంటే అప్లికేషన్ లేదు, ఫీజు లేదు, ఎవరూ లెటర్ ఇవ్వరు. ఏ కారణం మీద వెళ్తున్నామో మనమే తేల్చుకోవాలి, టికెట్ కొనేటప్పుడు ఎయిర్‌లైన్ వాళ్లు అడిగిన చోట అది సెలెక్ట్ చేయాలి, అక్కడికెళ్లాక నిజంగా ఆ పని చేయాలి, ఆధారాలు దాచుకోవాలి, అంతే. మాలాంటి మామూలు వాళ్లకి పనికొచ్చేది క్యూబా ప్రజలకి మద్దతు అనే కేటగిరీ. ప్రైవేటు ఇళ్లలో దిగాలి, ప్రైవేటు రెస్టారెంట్లలో తినాలి, సొంతంగా వ్యాపారం చేసుకునే వాళ్ల దగ్గరే కొనాలి, రోజంతా వాళ్లతో కలిసి చేసే పనులు ఉండాలి, బీచ్‌లో పడుకుంటే కుదరదు.

ఇంకో బాంబు ఏంటంటే ఆ వాట్సాప్ ఆయన బుక్ చేసిన హోటల్ హవానాలో వెడాడో అనే ఏరియాలో ఉంది, క్యూబా గవర్నమెంటుది, 2020 నుంచి అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ పెట్టిన నిషేధిత బసల లిస్టులో దాని పేరు శుభ్రంగా ఉంది. దిగడమే కాదు, డబ్బు కట్టినా తప్పే. సివిల్ పెనాల్టీ గరిష్ఠంగా లక్ష డాలర్ల పైనే ఉంటుంది. ఫోన్ చేస్తే "అక్కా, అవన్నీ పేపర్ మీద రూల్స్ అక్కా, అందరూ అక్కడే దిగుతున్నారు, నేను చూసుకుంటా కదా" అన్నారు. ఏం చూసుకుంటావయ్యా, ఇక్కడ మా మరిది హెచ్ వన్ వీసా (ఉద్యోగ వీసా) మీద ఉన్నాడు! రూములు క్యాన్సిల్ చేస్తే 672 వెనక్కొచ్చింది, లెటర్ డబ్బు మాత్రం సర్వీస్ అయిపోయింది కాబట్టి రాదట. మొత్తం 973 డాలర్లు పోయాయి. మా ఆయన రెండు రోజులు నాతో కళ్లు కలపలేదు.

అదే ఊపులో ఇంకొకటి, డబ్బు పంపుకునే ఒక యాప్‌లో మా మరిది తన వాటా పంపుతూ నోట్‌లో హవానా అని రాశాడు. పేమెంట్ ఆగిపోయి ఇదేంటో వివరించండి అని మెయిల్. వివరించాక వదిలారు కానీ మీరు మాత్రం నోట్‌లో ఊరి పేరూ దేశం పేరూ రాయకండి.

వీసా గురించి మా మరిదికి దడ ఎక్కువ. కేటగిరీ రూల్ సిటిజన్లకే అనుకుంటారు చాలామంది, కాదు, అమెరికాలో ఉన్న ఎవరికైనా వర్తిస్తుంది, గ్రీన్ కార్డ్ ఉంటే మీరు ఎక్కడున్నా వర్తిస్తుంది. కాన్‌కూన్ మీంచి వెళ్తే ఎవరికీ తెలీదు అని చెప్పేవాళ్లని నమ్మకండి. హెచ్ వన్ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వేసే వీసా) ఎక్స్‌పైర్ అయినవాళ్లు అస్సలు వెళ్లొద్దు, ఎక్స్‌పైర్ అయిన స్టాంపుతోనే కెనడా మెక్సికోలకి 30 రోజుల్లోపు వెళ్లొచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ క్యూబాకి పనిచేయదు. మా వాడికి స్టాంపింగ్ ఉంది కాబట్టే తీసుకెళ్లాం.

2024 థాంక్స్‌గివింగ్ సెలవుల్లో టాంపా నుంచి వెళ్లాం. ఫ్లైట్ గంటంపావు, ఏ గొడవా లేదు. క్యూబా మెడికల్ ఇన్సూరెన్స్ టికెట్లోనే కలిపి ఉంటుంది, బోర్డింగ్ పాస్ పారేయకండి, అదే ప్రూఫ్. ఎయిర్‌పోర్టు నుంచి ట్యాక్సీ 30 డాలర్లు.

ఇంక మా దిగుడు. కాసా పర్తికులార్ అంటారు, అంటే ఇంట్లో గదులు అద్దెకిచ్చేవాళ్లు, తలుపు మీద నీలం రంగులో లంగరు లాంటి గుర్తు ఉంటే లైసెన్స్ ఉన్న ఇల్లు. వెడాడోలోనే రూము రాత్రికి 40, నాలుగు రాత్రులు రెండు రూములు కలిపి 320, ఆ 1,120 తలుచుకుంటే మళ్లీ మండుతుంది. ఇంటావిడ రిటైరయిన కెమిస్ట్రీ టీచర్. మా ఆయన మాంసం ముట్టరు, అక్కడ వెజిటేరియన్ అంటే చికెన్ తింటావా అని అడుగుతారు. అన్నం, నల్ల చిక్కుడు గింజలు కలిపి వండేది ఉంటుంది, చూడ్డానికి సాత్వికంగా ఉంటుంది కానీ అందులో చాలాచోట్ల పంది కొవ్వు పడుతుంది, అడిగి తినండి. మొదటి రోజు ఆయన అరటిపళ్లతో బతికారు, మొహం గంటు పెట్టుకున్నారు. రెండో రోజు ఆవిడ మలంగా అనే దుంపని తురిమి వెల్లుల్లి వేసి నూనెలో చిన్న చిన్న ముద్దలుగా వేయించి పెట్టింది. అచ్చం చామదుంప గారెలు! పక్కన ఉడికించిన కర్రపెండలం మీద వెల్లుల్లి, పుల్ల నారింజ రసం. మా ఆయన ఎన్ని తిన్నారో నేను చెప్పను. ఆ క్షణం నుంచి ట్రిప్పు దారిలో పడింది. భోజనం మనిషికి 8 డాలర్లు, ఇంకో డాలరు ఎక్కువిస్తే తీసుకోలేదు.

కరెంటు మాత్రం నరకం. అక్టోబర్‌లో దేశం మొత్తం గ్రిడ్ కూలిపోయింది, నవంబర్‌లో తుఫానుకి మళ్లీ పోయింది, మేం వెళ్లేసరికి వచ్చింది కానీ రోజూ గంటల తరబడి కోత. ఇంటావిడ చార్జింగ్ ఫ్యాను మా గదిలో పెట్టి తను వరండాలో పడుకుంది. చార్జింగ్ లైటు, పవర్ బ్యాంకు, టాయిలెట్ పేపరు, జ్వరం మాత్రలు పట్టుకెళ్లండి, మిగిలినవి ఇచ్చేసి రండి.

అమెరికన్ బ్యాంకు కార్డులు పనిచేయవు, ఏ ఒక్కటీ. మొత్తం క్యాష్, చిన్న నోట్లు, చిరుగు ఉంటే తీసుకోరు. మేం వెళ్లినప్పుడు గవర్నమెంటు రేటు డాలరుకి 120 పెసోలు, బయట 320 దాకా నడిచేది, దేని లెక్కన ఇస్తున్నారో ముందే మాట్లాడుకోండి.

మా మరిది వరదేరో బీచ్‌కి పోదామని రోజూ పాట. అది చేస్తేనే కదా టూరిజం అయ్యేది, నీ కోసం చట్టం మార్చమంటావా అన్నాను, ఒక పూట మాట్లాడలేదు. బదులుగా ఒక ప్రైవేటు డాన్స్ టీచర్ దగ్గర సల్సా నేర్చుకున్నాం (గంటకి 15, మా ఆయన తలుపు దగ్గరే నిలబడ్డారు), హవానా అంచున హైమనితాస్‌లో ఫుస్తేర్ అనే కళాకారుడు తన ఇంటితో మొదలుపెట్టి వీధులకి వీధులే టైల్ ముక్కలతో నింపేసిన చోటు చూశాం, పొగాకు పండే విన్యాలెస్ అనే ఊరికి కారు 120కి మాట్లాడుకుని పొగాకు రైతు దగ్గర సగం రోజు గడిపాం. ఒంగోలు వైపు పొగాకు బ్యారన్లు చూసి పెరిగినదాన్ని, తాటాకు కప్పిన వాళ్ల ఆరబెట్టే కొట్టంలో నేనడిగిన ప్రశ్నలకి ఆ రైతు నవ్వు ఆపుకోలేకపోయాడు. మా మరిది ఆఫీసులో పంచడానికి చుట్టలు కొంటానన్నాడు, 2020 సెప్టెంబర్ నుంచి క్యూబా రమ్ము, చుట్టలు అమెరికాలోకి తేకూడదు, అక్కడే కాల్చుకో అన్నాను.

టాంపాలో దిగాక ఆఫీసర్ అడిగింది ఒకటే, ఏ కేటగిరీ అని. చెప్పాను, వెల్‌కమ్ బ్యాక్ అన్నాడు. పీడీఎఫ్ ఎవరూ చూడలేదు. అలాగని కాగితాలు పారేయకండి, అప్పుడు అయిదేళ్లు దాచాలనేవారు, 2025 మార్చి నుంచి పదేళ్లు. ఇంటావిడ చేత్తో రాసిచ్చిన రసీదులు, సల్సా క్లాసు బిల్లు, రోజువారీ ప్లాను అన్నీ స్కాన్ చేసి పెట్టాను.

ఇండియా నుంచి అమెరికా తగలకుండా యూరప్ మీదుగా వెళ్లేవాళ్లకి ఈ కేటగిరీల గొడవ లేదు. కానీ బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్న మనవాళ్లు ఒకటి చూసుకోండి, 2021 జనవరి 12 తర్వాత క్యూబా వెళ్లొస్తే అమెరికాకి ఎస్టా (వీసా లేకుండా వెళ్లడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) పనికిరాదు, మామూలు వీసాకి ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే, లండన్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఇది విని టికెట్లు మానుకుని పోర్చుగల్ వెళ్లాడు.