చేతిపనివాళ్లతో మాట్లాడటానికి చిన్న రికార్డర్: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

చేతిలో ఫోన్ ఉండగా విడిగా రికార్డర్ ఎందుకని చాలామంది అడుగుతారు. క్లాసు నోట్సుకో, మీటింగులకో అయితే అక్కర్లేదు. పని చేసేవాళ్ల పక్కన కూర్చుని, ఆ పని గురించి వాళ్లచేతే చెప్పించుకోవాలంటే మాత్రం కొనండి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్నేళ్లుగా నేను చేస్తున్నది అదే. నా దగ్గరున్నది సన్న పెన్‌సెల్స్ రెండు వేస్తే నడిచే, పైన రెండు మైకులున్న రకం.

ఫోన్‌కీ దీనికీ తేడా బాగా తెలిసింది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో. అక్కడ వీణలు పనసకర్రతో చేస్తారు. ఏకాండి వీణ అయితే మొత్తం ఒకే దుంగలోంచి రావాలి. వీణకి చివర బుర్రలా గుండ్రంగా ఉండే కుండని లోపల తొలుస్తూ మధ్యమధ్యలో వేళ్లతో తట్టి చూసుకుంటారు. "ఇను బాబూ, ఇక్కడ ఇంకా మందం ఉంది. ఇప్పుడు ఇటు ఇను" అంటూ ఒక పెద్దాయన రెండుచోట్ల తట్టారు. ఫోనూ రికార్డరూ రెండూ ఆయన ముందే ఉన్నాయి. తర్వాత వింటే ఫోన్‌లో మాట శుభ్రంగానే ఉంది, తట్టిన చప్పుడు మాత్రం రెండుసార్లూ ఒకేలా నలిగిపోయింది. మాట తప్ప మిగతాదంతా గోల అనుకుని అణిచేస్తుంది కదా ఫోన్! రికార్డర్‌లో ఒకటి బొంగురుగా, ఒకటి విచ్చుకున్నట్టు, విడివిడిగా వినిపిస్తున్నాయి. ఆయన నాకు చెప్పదలచుకున్నదే ఆ తేడా. అది పోయాక మాటలు ఎంత బాగా రాసుకున్నా ఏం లాభం?

చప్పుడుని బట్టి రికార్డింగ్ లెవెల్‌ని తనంతట తానే పెంచి తగ్గించే ఆటో లెవెల్ ఆపేయండి. ఉలి మీద సుత్తి పడగానే లెవెల్ తగ్గిపోయి, ఆ వెనకే వచ్చే మాట గొణుగుడైపోతుంది. నేను ముందు పెద్ద దెబ్బకి సరిపోయేలా లెవెల్ చక్రం తిప్పి పెట్టేసుకుంటా. చిన్న చప్పుళ్లని కూడా వివరంగా పట్టే 24 బిట్ సెట్టింగులో తీస్తే, చిన్నగా పడిన మాటని తర్వాత పెంచుకోవచ్చు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ ఫైలు గంటకి సుమారు ఒక జీబీ అవుతుంది, 32 జీబీ కార్డుంటే 30 గంటలకి ఢోకా లేదు. ఫ్యాన్ హోరు తగ్గించే లో-కట్ మాటలకి ఆన్‌లోనే ఉంచండి. వీణ మీటి వినిపిస్తామంటే మాత్రం తీసేయాలి, లేకపోతే అన్నిటికన్నా కింది స్వరం పలికే అనుమంద్రం తీగ మరీ పీలగా వస్తుంది.

నాకు నచ్చనిది పొందూరులో బయటపడింది. అక్కడి సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్లు పత్తిలోంచి వెళ్లే చప్పుడు చాలా మెత్తన. దానికోసం లెవెల్ పెంచితే రికార్డర్ సొంత 'సుయ్' మోత పైకొచ్చేస్తుంది. పోనీ దగ్గరికి జరుపుదామంటే దువ్వుతున్న మామ్మ చూపు దానిమీదకే పోతుంది, చేతులు ఆగిపోతాయి, చేతులతో పాటు మాటా ఆగిపోతుంది. అందుకని ఒక కాలర్ మైకు కొని, రికార్డర్‌కి తగిలించి, మైకుని పత్తిబుట్ట అంచుకి పెడుతున్నా. బాగానే పనిచేస్తోంది. ప్లాస్టిక్ ఒళ్లు ఇంకో తలనొప్పి, వేలు కదిపితే చాలు గరగర. చేత్తో పట్టుకోకండి, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి.

సముద్రం ఒడ్డున స్పాంజి తొడుగు ఎందుకూ పనికిరాదు. శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు కాపాడే కుర్రాడు, గూటిలో ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుందని, వేడి పెరిగితే ఆడపిల్లలే ఎక్కువని వివరంగా చెప్పాడు. మైకుకి బొచ్చు తొడుగు వేశాను కాబట్టి దక్కింది, లేకపోతే అదంతా గాలిపాలే.

సెల్స్ ఏ ఊరి కిరాణాకొట్లోనైనా దొరుకుతాయి, ఛార్జింగ్ టెన్షన్ లేదు. కొనేటప్పుడు బొచ్చు తొడుగు, కాలర్ మైకు ఖర్చు కూడా కలుపుకోండి. సెల్స్ తీసి చాన్నాళ్లు పక్కన పెడితే లోపలి తేదీ పోతుంది, ఫైళ్లన్నీ కలగాపులగం అవుతాయి. అందుకే నేను రికార్డింగ్ మొదట్లోనే ఊరు, తేదీ గట్టిగా చెప్పి, ఎదుటివాళ్ల పేరు, పని వాళ్లనే చెప్పమంటా. పేరు చెప్పి ఊరుకోరు, ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా చెప్పుకొస్తారు. ఇక నేను మొదటి ప్రశ్న అడగక్కర్లేదు.