అడుగులు పట్టే గొట్టం: ఏళ్ల తరబడి వాడాక

కోనసీమ వరి గట్ల మీద, కొబ్బరి తోటల్లో ఎలుకలు, చుంచులు (ఎలుకలా కనిపించినా ఎలుక కాని, పొడుగు మూతి ష్రూలు), పందికొక్కుల జాడ తెలుసుకోవడానికి నేను ఎక్కువగా నమ్ముకున్నది అడుగులు పట్టే గొట్టాన్నే. బోను వద్దనడానికి చుంచు ఒక్కటే చాలు. గంటల తరబడి తిండి దొరక్కపోతే అది బతకదు. పొద్దున్నే బోనులో చచ్చి కనిపిస్తే ఆ సర్వే ఎందుకు?

తయారీ తేలిక. మూరెడు ప్లాస్టిక్ పైపు, లోపలికి దూరే అట్టముక్క, దాని మధ్యలో ఎర, ఎరకు అటూ ఇటూ ఆముదంలో కలిపిన దీపపు మసి, చివర్లలో తెల్ల కాగితం. నీళ్ల రంగు వాడితే మా ఎండకు ఇట్టే ఆరిపోతుంది, నూనె మసి ఆరదు. ఎలుకలకైతే కాల్చిన కొబ్బరి ముక్క, చుంచుకైతే ఎండురొయ్య. సాయంత్రం చీకటి పడబోయే ముందు మాత్రమే పెట్టాలి, పగలే పెడితే ఎరను చీమలే ఊడ్చేస్తాయి.

కాగితం మీద ముందుకాలి గుర్తు వెతకండి. నాలుగు వేళ్లుంటే ఎలుక, పందికొక్కు, ఉడుతల్లో ఏదో ఒకటి. చిన్న పాదానికి ఐదు వేళ్లుంటే చుంచు. వెనక కాలికి అన్నిటికీ ఐదే, దాన్ని చూసి తేల్చేయకూడదు. మురుగు కాలువల దగ్గర పీతలు కూడా దూరి కాగితమంతా చుక్కలు పెట్టిపోతాయి. సార్వా (వానాకాలపు వరి) కోతలయ్యాక చేలో తిండి తగ్గి ఎలుకలు గట్లెక్కుతాయి, మంచి ముద్రలు అప్పుడే పడతాయి.

లోపాలూ ఉన్నాయి. ఒకే ఎలుక రాత్రంతా తిరిగినా కాగితం నిండుతుంది, కాబట్టి దీంతో సంఖ్య లెక్కగట్టకండి. ఏ జాతి ఎలుకో కూడా తెలియదు. దానికి నేను పాత గోడౌన్లలో గుడ్లగూబ కక్కిన ఉండలు ఏరుతాను. నీళ్లలో నానబెట్టి విప్పితే అది తిన్న జంతువుల పుర్రెలు చెక్కుచెదరకుండా వస్తాయి. ముందు ఉలిలాంటి పళ్లు, వాటి వెనక ఖాళీ ఉంటే ఎలుక. ఖాళీ లేకుండా సూది పళ్ల వరుస ఉంటే చుంచు. ఎలుకల్లో జాతి తేల్చాలంటే దవడ పళ్లు లెన్స్ కింద చూడాలి.

ఇక కెమెరా ట్రాప్, అంటే జంతువు దాటితే దానంతటదే ఫోటో తీసే కెమెరా, ఒంటి వేడిని బట్టి పనిచేస్తుంది. వేసవిలో గాలి కూడా అంతే వేడెక్కితే చిన్న జంతువు దాటినా ఫోటో పడకపోవచ్చు. మరీ దగ్గరగా పెడితే బొమ్మ మసకే. కానీ కోరింగ మడ అడవుల్లో పోటు వస్తే గొట్టం కొట్టుకుపోతుంది. అక్కడ నీటికుక్కకీ, బావురుపిల్లికీ పోటు మట్టానికి పైన చెట్టుకు కట్టిన కెమెరానే సరైనది. కోరింగ 1978 నుంచి అభయారణ్యం, అటవీశాఖ అనుమతి తీసుకున్నాకే పెట్టండి.