పడవలో తుపాకీ: వెంట ఉంచుకోవడమా, లేకుండా వెళ్లడమా?

సొంత తెరచాప పడవలో విదేశాలకు తుపాకీ తీసుకువెళ్లేవారికి నడిసముద్రంలో పడవ జెండా ఏ దేశానిదో ఆ దేశపు చట్టం వర్తిస్తుంది గానీ, తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపలికి వస్తే తీరదేశపు చట్టానికి లోబడవలసి ఉంటుంది. బహామాస్‌లో తూటాల సంఖ్యతో సహా కస్టమ్స్‌కు ప్రకటించి, ఆయుధాన్ని పడవలోనే తాళం వేసి ఉంచవచ్చు. మెక్సికోలో ముందస్తు అనుమతి లేకుండా తూటాలు దొరికినా జైలుపాలయ్యే ప్రమాదం ఉంది. కొన్ని దేశాలు ఆయుధాన్ని స్వాధీనం చేసుకుని, దేశం విడిచేటప్పుడు తిరిగి ఇస్తాయి. అంటే దొంగల భయం ఎక్కువగా ఉండే లంగరు రాత్రుల్లోనే అది చేతిలో ఉండదు, ఇదే నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం.

తుపాకీ లేనివారికి ఈ చిక్కులు ఉండవు. ప్రమాదకర ప్రాంతాలను తప్పించుకోవడం, ఇతర పడవల దగ్గరే లంగరు వేయడం, రాత్రి లోపలి నుంచి గడియ పెట్టుకోవడం వారికి రక్షణ. నిస్సహాయత భయం నిజమైనదే. అయినా 2001 డిసెంబరులో అమెజాన్ ముఖద్వారం వద్ద దోపిడీదారులపై రైఫిల్ పేల్చిన న్యూజిలాండ్ నావికుడు సర్ పీటర్ బ్లేక్, ఆ తుపాకీ మొరాయించగా, వారి కాల్పుల్లో మరణించారు. కుటుంబంతో వెళ్లేవారికి నేను రెండో మార్గాన్నే సూచిస్తాను.