10 గ్యాలన్ల కూలర్ మాష్ టన్ కిట్: మొదటి ఆల్-గ్రెయిన్ రోజు తప్పుల్లో దాని వాటా ఎంత?

ఇంట్లో బీరు కాయడానికి గింజలు నానబెట్టే ఈ మాష్ టన్ కిట్ కొనవచ్చు. దాంతోపాటు పారదర్శకమైన మెత్తటి ప్లాస్టిక్ గొట్టం వస్తే మాత్రం దాన్ని మొదటి రోజే పక్కన పెట్టేయండి. ఎందుకో కింద చెబుతాం.

మాల్ట్ సిరప్ డబ్బాలతో నాలుగైదు సార్లు బీరు కాచి, ఇక నేరుగా గింజల నుంచే (ఆల్-గ్రెయిన్) మొదలుపెడదామనుకునే వాళ్లకు అమెరికాలో హోమ్‌బ్రూ దుకాణాలు చూపించే సామానుల్లో ఇది పాతదీ, సాదాదీ. కట్టడాలు జరిగేచోట కూలీలకు మంచినీళ్లు పెట్టే గుండ్రటి పసుపు, నారింజ రంగు డ్రమ్ము ఉంటుంది కదా, అదే అసలు వస్తువు. దానికున్న నొక్కుడు కుళాయి తీసేసి అర అంగుళం స్టీలు బాల్ వాల్వ్ బిగిస్తారు. అడుగున 12 అంగుళాల చిల్లుల పళ్లెం బోర్లిస్తారు. పళ్లేన్నీ వాల్వునూ ఒక చిన్న గొట్టం కలుపుతుంది. పిండి గింజల్ని వేడినీళ్లలో గంటసేపు నాననిచ్చి, గంజి వార్చినట్టు తీపి నీళ్లు వార్చుకోవడమే దీని పని. ఆ తీపి నీళ్లే వోర్ట్.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి కొట్టించి జావ కాచే ఇళ్లవాళ్లకు ఈ శాస్త్రం కొత్త కాదు. మొలక రాగిజావ పలచగా, కాస్త తియ్యగా ఉండడానికి కారణమైన ఎంజైములే ఇక్కడా పిండిని చక్కెరగా విడగొడతాయి. తేడా అల్లా ఇక్కడ ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అయినా బీరు మారిపోతుంది. 148 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నానబెడితే పలచని, తీపి మిగలని బీరు వస్తుంది. 158 దగ్గర చిక్కనిది, పూర్తిగా పులియని తీపి మిగిలేది వస్తుంది. మధ్యలో 152 (సుమారు 67 సెల్సియస్) మొదటిసారికి మంచి గురి.

ఈ కూలర్‌ని ఒక మామూలు పేల్ ఏల్ (లేత రంగు బీరు) లెక్కతో తూచి చూద్దాం: 10 పౌండ్ల టూ-రో మాల్ట్ (మామూలు లేత రంగు మాల్ట్), 1 పౌండు క్రిస్టల్ 40 (కాస్త ముదురు రంగు తీపి మాల్ట్), చివరికి 5 గ్యాలన్ల బీరు. పౌండుకి ఒకటిన్నర క్వార్టుల (క్వార్టు అంటే పావు గ్యాలన్) చొప్పున నానబెట్టే నీళ్లు 16.5 క్వార్టులు, అంటే 4.1 గ్యాలన్లు. గింజలూ నీళ్లూ కలిసి డ్రమ్ములో సరిగ్గా సగం, 5 గ్యాలన్ల చోటు తీసుకుంటాయి. నీళ్లు కాస్త తగ్గిస్తే 20 పౌండ్ల గింజలకైనా చోటుంది. 5 గ్యాలన్ల చిన్న కూలర్ చవగ్గా దొరుకుతుంది గానీ అందులో 12 పౌండ్లకే మూత దాకా వస్తుంది, కలపడానికి తెడ్డు తిరగదు. పెద్దదే కొనండి.

వేడి నిలపడంలో దీన్ని మెచ్చుకోవాలి. మూత గట్టిగా బిగించి పైన మందపాటి దుప్పటి కప్పితే గంటలో పోయేది రెండు మూడు డిగ్రీలే. దుప్పటి ఎందుకంటే, ఈ రకం డ్రమ్ముల్లో చాలావాటికి గోడల్లో నురగ నింపుతారు గానీ మూత లోపల బోలుగా వదిలేస్తారు. ఇది కిట్ లోపమే, దుప్పటితో తీరేదే.

అసలు నష్టం గంట పొడవునా జరగదు, మొదటి ఐదు నిమిషాల్లో జరుగుతుంది. 70 డిగ్రీల గింజల్ని 152కి తేవాలంటే నీళ్లు 163 దగ్గర ఉండాలని లెక్క చెబుతుంది. కానీ ఆ లెక్కలో డ్రమ్ము లేదు. చల్లటి డ్రమ్ము గోడలు తమ వంతు వేడి లాగేసుకుంటాయి. 163 దగ్గర పోసినవాళ్లకు చివరికి 148 కనిపించేది అందుకే. దీనికి చక్కటి ఉపాయం ఉంది: నీళ్లు 170 దాకా కాచి ముందు డ్రమ్ములో పోయండి, మూతపెట్టి పది నిమిషాలు ఆగండి. డ్రమ్ము తాగాల్సిన వేడి తాగేస్తుంది. తరవాత మూత తీసి, 163కి దిగేదాకా కలుపుతూ ఉండి, అప్పుడు గింజలు వెయ్యండి. సలసల మరిగే నీళ్లు మాత్రం ఖాళీ డ్రమ్ములో పొయ్యకండి, లోపలి ప్లాస్టిక్ పొర ఉబ్బి వంకరపోతుంది.

గింజలన్నీ ఒక్కసారి కుమ్మరిస్తే ఉప్మా రవ్వలా ఉండలు కడతాయి. ఉండ లోపలి పిండికి నీరు తగలదు, అక్కడ చక్కెర పుట్టదు. ఒకరు పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో అడుగుదాకా కలపడం మేలు. ఆ వెంటనే మూడుచోట్ల థర్మామీటరు పెట్టి చూడాలి. 146 చూపిస్తే ఈ పరిమాణానికి సుమారు 2 క్వార్టుల మరిగే నీళ్లు కలిపితే 152కి వస్తుంది. 158 చూపిస్తే ఒకటిన్నర క్వార్టుల లోపు చన్నీళ్లు చాలు. రెండూ పక్కనే సిద్ధంగా ఉంచుకోండి. వేడి ఎక్కువైనప్పుడు అరగంట ఆగి దిద్దినా లాభం లేదు, తక్కువ వేడిలో పనిచేసే బీటా ఎంజైము ఆలోపే చచ్చిపోతుంది. థర్మామీటరునూ నమ్మేముందు ఐసు నీళ్లలో 32, మరిగే నీళ్లలో 212 చూపిస్తుందో లేదో చూడాలి. డెన్వర్‌లో ఉంటే 202 దగ్గరే నీళ్లు మరుగుతాయని గుర్తుంచుకోండి.

ఇక గొట్టం సంగతి. కొన్ని కిట్లలో పళ్లెం నుంచి వాల్వుకి వినైల్ గొట్టం ఇస్తారు. 150 దాటిన వేడిలో అది మెత్తబడుతుంది. వాల్వు తెరిచాక లోపల పుట్టే లాగుడుకి నొక్కుకుపోయి మూసుకుపోతుంది. పైన నాలుగు గ్యాలన్ల వోర్ట్ ఉన్నా కింద ధార ఆగిపోతుంది. గింజలు పట్టేశాయనుకుని అందరూ పైన కెలుకుతారు. మందపాటి గోడల సిలికాన్ గొట్టం ఒక అడుగు కొని, రెండు కొసలా స్టీలు క్లాంపులు బిగిస్తే ఈ బాధ ఉండదు. క్లాంపులు లేకపోతే కలిపేటప్పుడు తెడ్డు తగిలి గొట్టం ఊడుతుంది, పళ్లెం పైకి లేస్తుంది, పిండి నేరుగా వాల్వులోకి దిగుతుంది. గొట్టం మరీ పొడవైనా పళ్లెం ఎత్తుకుంటుంది. పళ్లెం అంచు చుట్టూ అడుగుకి ఆనేట్టు కొలిచి కోయాలి. రబ్బరు వాషర్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో ముందురోజే వేడినీళ్లు పోసి చూడండి. చన్నీళ్లకు కారనిది వేడికి కారవచ్చు.

ఆ పరీక్షలోనే ఇంకో కొలత తీసుకోండి. గింజలు లేకుండా 2 గ్యాలన్లు పోసి, వాల్వు తెరిచి, బయటికి ఎంత వచ్చిందో కొలవండి. రాకుండా అడుగున మిగిలిందే ఈ డ్రమ్ము శాశ్వతంగా మింగే వాటా. పళ్లెం కింద పావు గ్యాలన్ మిగలడం మామూలు. గింజలు పీల్చుకునేది పౌండుకి 0.12 గ్యాలన్, మన 11 పౌండ్లకు 1.3. కనుక 4.1 పోస్తే మొదటి వార్పులో దక్కేది రెండున్నర గ్యాలన్లు. మరిగించే ముందు 6.5 కావాలి గనక గింజల్లో మిగిలిన తీపిని కడిగి తీసే రెండో విడత నీళ్లు, అంటే కడుగునీళ్లు, 4 గ్యాలన్లు. ఈ లెక్క వేసుకోకుండా మొదలుపెట్టినవాళ్లకు చివర్లో నాలుగు గ్యాలన్ల బీరే మిగులుతుంది, లేదా నీళ్లు ఎక్కువై రుచి పలచబడుతుంది.

వార్చేటప్పుడు వాల్వు పావువంతే తెరవండి. మొదట వచ్చే ఒకటి రెండు క్వార్టులు మడ్డిగా ఉంటాయి, వాటిని మగ్గుతో మళ్లీ పైనే మెల్లగా పోస్తే గింజల పొట్టే జల్లెడలా పనిచేసి తేటపడుతుంది. ఒక్కసారి పూర్తిగా తెరిస్తే పొట్టు కిందికి నొక్కుకుపోయి గట్టి దిమ్మ అవుతుంది. అలా ఆగిపోతే బయటి గొట్టం గుండా వేడినీళ్లు వెనక్కి నెట్టి, వాల్వు మూసి, బాగా కలిపి, పది నిమిషాలు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టాలి. గోధుమ, ఓట్లు ఎక్కువున్న బీరుకి అర పౌండు వరి ఊక కలుపుతారు. మన రైసుమిల్లుల వెనక గుట్టలు పడి ఉండే ఊకే, అక్కడ శుభ్రం చేసి పొట్లాల్లో అమ్ముతారు. రుచి ఇవ్వదు, దారి ఇస్తుంది.

ఇప్పుడు పెద్ద ఫిర్యాదుకి వద్దాం. “ఈ కూలర్‌తో గ్రావిటీ రాలేదు, 1.051 రావాల్సింది 1.040 వచ్చింది.” గ్రావిటీ అంటే నీళ్లతో పోలిస్తే వోర్ట్ ఎంత చిక్కనో చెప్పే కొలత, చక్కెర ఎక్కువైతే అదీ పెరుగుతుంది. రాబడి, అంటే గింజలు ఇవ్వగల చక్కెరలో చేతికి దక్కిన వంతు, 70 శాతం ఉండాల్సిన చోట 55 అయిందన్నమాట. తప్పు ఎవరిదో ఒక్క కొలతతో తేలుతుంది, దాన్నే చాలామంది తీసుకోరు: కడుగునీళ్లు పొయ్యకముందు, మొదటి వార్పు గ్రావిటీ. పౌండుకి ఒకటిన్నర క్వార్టుల నిష్పత్తిలో పిండంతా చక్కెరైతే అది 1.080 దగ్గర ఉండాలి. నమూనాను హైడ్రోమీటరు (గ్రావిటీ కొలిచే సాధనం) మీద రాసిన 60 లేదా 68 డిగ్రీలకి చల్లార్చాకే చూడండి, వేడి వోర్ట్ అబద్ధం చెబుతుంది. 1.080కి దగ్గరగా ఉండి చివరికి తగ్గిందంటే లోపం కడగడంలోనో, అడుగున మిగిలిపోయిన వోర్ట్‌లోనో, ఘనపరిమాణం కొలవడంలోనో ఉంది. అప్పుడు కిట్‌ని అనుమానించవచ్చు. 1.065 దగ్గరే ఉంటే కూలర్‌కి సంబంధం లేదు. పిండి చక్కెర కాలేదు, కారణం మర పట్టడమో ఉష్ణోగ్రతో ఉండలో.

ఎక్కువసార్లు మరే. దుకాణంలో మర రోలర్ల మధ్య సందు అందరి అవసరాలకీ కాస్త ఎడంగా పెడతారు, ఎందుకంటే వార్పు పట్టేసిందని ఎవరూ తిరిగి రాకూడదు. ఈ పళ్లేనికి 0.035 నుంచి 0.040 అంగుళాల సందు సరిపోతుంది. చేతిలో పోసుకుని చూస్తే పొట్టు చీలినా ముక్కలు కాకుండా ఉండాలి, లోపలిది ఇడ్లీ రవ్వలా విరిగి ఉండాలి. చిదగని గింజ ఒక్కటి కనిపించినా రెండోసారి పట్టమనండి. కొనే ముందే పట్టమని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

ఆ రోజుకి దిద్దుబాటు కూడా ఉంది. మరగడం అయ్యేసరికి 5.5 గ్యాలన్లలో గ్యాలనుకి 11 పాయింట్లు (1.051కీ 1.040కీ మధ్య తేడా) తక్కువంటే 60 పాయింట్ల లోటు. పొడి మాల్ట్ సారం పౌండు 44 పాయింట్లు ఇస్తుంది, కనుక 1.4 పౌండ్లు మరుగుతుండగానే కలిపితే లోటు పూడుతుంది. మొదటి రోజు ఒక మూడు పౌండ్ల సంచి ఇంట్లో ఉంచుకోండి. దీన్ని మోసమనుకోనక్కర్లేదు.

కడుగునీళ్ల విషయంలో కూలర్‌కి బ్యాచ్ పద్ధతే నప్పుతుంది: 4 గ్యాలన్లూ 175 దగ్గర ఒకేసారి పోసి, కలిపి, పది నిమిషాలు ఆగి, మళ్లీ మడ్డి తేర్చి వార్చడం. చిలకరిస్తూ గంటసేపు కడిగే పద్ధతిలో రాబడి కొంచెం పెరగవచ్చు గానీ గింజలు 170 దాటి, నీళ్లలో పులుపు తగ్గి పీహెచ్ 6 మించితే పొట్టు నుంచి వగరు దిగుతుంది. మొదటిసారికి ఆ తలనొప్పి వద్దు. కుళాయి నీళ్లే వాడితే 10 గ్యాలన్లకి సగం క్యాంప్డెన్ బిళ్ల (నీళ్లలోని క్లోరిన్‌ని పోగొట్టే మాత్ర) పొడిచేసి కలపడం మరవకండి. నగరపాలకులు కలిపే క్లోరమిన్ మరిగినా పోదు, బీరుకి బ్యాండేజీ వాసన పట్టిస్తుంది.

నిండిన డ్రమ్ములో గింజలూ నీళ్లే 45 పౌండ్లు తూగుతాయి. కుళాయి మరిగించే గిన్నె అంచుకన్నా ఎత్తులో ఉండాలి గనక, ఖాళీగా ఉన్నప్పుడే గట్టి బల్ల మీద పెట్టి అక్కడే నింపండి. నింపాక ఎత్తబోయి ఒళ్లు కాల్చుకునే ప్రమాదం ఉంది. 6.5 గ్యాలన్ల వోర్ట్‌కి 8 గ్యాలన్ల గిన్నె ఉన్నా పొంగు వస్తుంది, 10 అయితే నిశ్చింత. ప్రొపేన్ పొయ్యి ఆరుబయటే వెలిగించాలి, గరాజు తలుపు తెరిచినా లోపల వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

కాబట్టి అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకి ఈ కిట్ సలహా ఇవ్వం. వంటింటి పొయ్యి మీద ఆరున్నర గ్యాలన్లు ఉడుకెత్తడమే కష్టం. సంచిలో గింజలు కట్టి రెండు గ్యాలన్లు కాచుకునే పద్ధతి వాళ్లకి మేలు. ఎలక్ట్రిక్ యంత్రాలున్నాయి గానీ 120 వోల్టుల 1500 వాట్ల రకం, వార్చిన వోర్ట్‌ని మరిగించడానికే ముప్పావుగంట, గంట తీసుకుంటుంది. మెట్లు మెట్లుగా వేడి పెంచే వంటకాలకీ కూలర్ పనికిరాదు, కింద మంట పెట్టలేం కదా. ఇంకో మాట: అమెరికాలో 1978 చట్టం వల్ల ఇంటివాడకానికి పెద్దలొక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200 దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. సెలవులకి వెళ్తూ సామాను పట్టుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి.

పని అయ్యాక పళ్లెం, గొట్టం విప్పి విడిగా కడగాలి. వాల్వు లోపలి బంతి వెనక వోర్ట్ నిలుస్తుంది, రెండు మూడు బ్యాచ్‌లకోసారి విప్పి వేడినీళ్లలో నానబెట్టండి. డ్రమ్ముని మూత తీసి, వాల్వు తెరిచి బోర్లించి ఆరబెట్టాలి, మూసిపెడితే బూజు. తడి గింజలు ఆ సాయంత్రమే కంపోస్టులో వెయ్యండి, వేసవిలో మర్నాటికల్లా పులిసి కంపు కొడతాయి.